నాలుగంగుళాల గాలి

కిందటివారం చిట్టిని గేజి గది గుమ్మంలో, చేతిలో తాళంకప్పతో వదిలేసి వచ్చాం. ఎదురుగా గొడుగు పట్టుకుని వదిన నిలబడి ఉంది. పదిరోజులుగా ఒకే ఇంట్లో ఉంటూ "ఉప్పెక్కడుంది", "తలుపు వేశావా" తప్ప మూడో మాట మాట్లాడని వదిన, తనంతట తానుగా వచ్చి, "అలా గట్టుమీద నడిచొద్దాం రా" అంది. చిట్టికి గుండెల్లో రాయి పడింది. మనకీ పడింది.

మధ్యలో ఏ వారమైనా తప్పినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. చిట్టి సరస్సు నీటిమట్టం కొలిచే ఉద్యోగి. రోజుకు మూడుసార్లు గేజి గది ముందు నీళ్లలో పాతిన కొలబద్ద చూసి, పుస్తకంలో రాసుకుని, ఆ అంకెను గేట్ల గదికి ఫోన్లో చెబుతుంది. ముప్పై రెండేళ్లొచ్చినా ఇంట్లో ఇంకా చిట్టే. ఆఫీసులో మాత్రం అంకెలమ్మ. అవతల ఆ అంకె విని ఏ గేటు ఎంత ఎత్తాలో తేల్చేది స్వయానా ఆమె అన్నయ్య. పదిరోజుల కిందట, మొదటి తుఫాను రోజు మధ్యాహ్నం, ఎత్తాల్సినన్ని గేట్లు ఎత్తలేదు. నీళ్లు పల్లపు గట్టు మీదుగా పొర్లి పడవల షెడ్డును పడగొట్టేశాయి. దూలం మీద పడి పడవల మేస్త్రికి ఎడమకాలు మోకాలి కిందికి తీసేశారు. అన్నయ్యను సస్పెండ్ చేశారు. రేపు ఎంక్వైరీ. తప్పు ఆయనదేనని తేలితే ఉద్యోగమూ పోతుంది, దానితో వచ్చిన క్వార్టరూ పోతుంది. ఊరంతా అనేది ఒక్కటే మాట: గేట్లాయన నిద్రపోయాడు. ఆయన అనేదీ ఒక్కటే మాట: నాకు చెప్పిన అంకె ప్రకారమే ఎత్తాను.

ఆ అంకె చెప్పిందెవరో వేరే చెప్పక్కర్లేదు.

ఇక నడక సంగతి. రెండో తుఫాను ఆ ఉదయమే వెళ్లిపోయింది. గాలి మాత్రం ఒంటిగంట దాకా ఆగి, అప్పుడు తీరిగ్గా వెళ్లింది. మూడోది సాయంత్రానికి వస్తుందని రేడియో చెప్పింది. మధ్యలో దొరికిన నాలుగైదు గంటల తెరిపిలో ఎండ, నిన్నటి సంగతి తనకేమీ తెలియదన్నట్టు కాస్తోంది. చుట్టుపక్కల ఇళ్లలో ఉన్న దుప్పట్లన్నీ దండేలకెక్కాయి. చెట్లు చిగుళ్లేసి పక్షం రోజులు కాలేదు, అప్పుడే సగం కొమ్మలతో సహా బాటమీద పడి ఉన్నాయి. వాటిని తొక్కకుండా నడవడం ఎవరి తరమూ కాదు. గట్టు వాలున పసుపుపచ్చ పూలు పూశాయి. బాతులు నీళ్లలోంచి పైకొచ్చి బాట మధ్యలో కూర్చున్నాయి, మనుషులొస్తే లేవడం వాటికి నామోషీగా ఉన్నట్టుంది.

ఇంకెప్పుడైనా అయితే చిట్టి ఆ బాతులతో కాసేపు పోట్లాడేది. ఇవాళ ఆమె కళ్లు బాటమీద లేవు, నీళ్ల అంచుమీద ఉన్నాయి. అంచు నిన్నటికంటే పైకొచ్చిందా, అంతే ఉందా? చేతిలో తాళంచెవిని ఈ వేలినుంచి ఆ వేలికి మారుస్తూనే ఉంది. వదిన అయితే నడవడమే లేదు, బస్సు తప్పిపోతున్నట్టు పరిగెత్తుతోంది. నడిచొద్దాం రమ్మని పిలిచిన మనిషి పది బారలు ముందుండటం, రమ్మనిపించుకున్న మనిషి వెనకాల రొప్పుతుండటం, ఇదేం షికారో అర్థం కాదు.

"వదినా, కాస్త మెల్లిగా."

వదిన ఆగింది. వెనక్కి తిరగలేదు.

"మీ అన్నయ్య నిద్రపోలేదు," అంది.

"నేనలా అనలేదే."

"అనలేదు. అనేసినా బాగుండేది. పదిరోజులుగా ఆయన మొహం చూడకుండా కంచంలోకి చూసి తింటున్నావు. ఆయన గదిలోకొస్తే నువ్వు లేచి నీళ్లకెళ్తున్నావు. ఎన్నిసార్లే దాహం నీకు?"

చిట్టి నీళ్లు నమిలింది. నిజమే. అన్నయ్య మీద ఆమెకు కోపం ఉంది. కోపమంటే కోపం కాదు, అంతకంటే పాడుది. పక్కింటివాళ్లు ఏదో అంటే "మా అన్నయ్య అలాంటివాడు కాదు" అని గట్టిగా చెప్పింది, చెప్పి తలుపేసుకుని, నిద్రే పోయి ఉంటాడు, ఇంకేం జరుగుతుంది అనుకుంది. ఎందుకనుకుందో ఆమె దగ్గర ఒక లెక్క ఉంది. ఆ లెక్క ఎవరికీ చెప్పలేదు.

"ఏం చెయ్యమంటావు వదినా? ఆయన పక్కన కూర్చుని ఏడవమంటావా?"

"ఏడుపు నేను చూసుకుంటాను. నువ్వు ఇది చూడు."

వదిన కుట్టుపని నేర్పే టీచరు. ఆమె చేతిసంచిలో ఎప్పుడూ కత్తెర, టేపు, సుద్దముక్క ఉంటాయి. వాటి మధ్యలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితాలు రెండు తీసింది. ఎంక్వైరీవాళ్లు నిన్న అన్నయ్యకు పంపిన నకళ్లు. మొదటిది చిట్టి పుస్తకంలోని పేజీ. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకు, చిట్టి గుండ్రటి దస్తూరీలో, నలభై రెండు అంగుళాలు. రెండోది అన్నయ్య గేట్ల డైరీ. అదే రోజు, అదే పన్నెండు గంటలకు, "గేజి నుంచి ఫోన్లో చెప్పినది: ముప్పై ఎనిమిది."

"చదువుకున్నదానివి. లెక్కలదానివి. నువ్వే చెప్పు," అంది వదిన. "పుస్తకంలో నలభై రెండు. ఆయనకు చెప్పింది ముప్పై ఎనిమిది. ఈ రెండూ ఒక్క నోట్లోంచి, ఒక్క నిమిషంలో ఎలా వచ్చాయి?"

చిట్టి రెండు కాగితాలనూ పక్కపక్కన పట్టుకుని చూసింది.

"నేను చెప్పనా? బయట ఆ గాలి, ఆ వాన. కొలబద్ద దాకా వెళ్లడానికి బద్ధకించావు. కిటికీలోంచి చూసి ఏదో అంకె చెప్పేశావు. షెడ్డు కూలిందని తెలిశాక పుస్తకం దిద్దుకున్నావు."

"వదినా!"

"అరవకు. బాతులు బెదురుతాయి."

చిట్టిని దొంగ అన్నా ఊరుకునేదేమో. మూడోక్లాసులో ఉన్నప్పుడు అన్నయ్య ఆమెను భుజాల మీద ఎక్కించుకుని ఆ కొలబద్ద మీద అంకెలు చదివించేవాడు. పదకొండేళ్ల ఉద్యోగంలో జ్వరమొచ్చినా, కాలు బెణికినా, కిటికీలోంచి అంకె రాసిన రోజు ఒక్కటి లేదు. నడుముకు తాడు కట్టుకుని మెట్లు దిగి చూసిన రోజులున్నాయి. ఆ పుస్తకంలో దిద్దిన అక్షరం చూపిస్తే ఆమె ఆ పేజీ నమిలి మింగేస్తుంది.

"నలభై రెండే చూశాను," అంది. "తాడు కట్టుకుని, మెట్లు దిగి, నా రెండు కళ్లతో చూశాను. అదే రాశాను. ఆయనకు ముప్పై ఎనిమిదని కావాలనే చెప్పాను."

వదిన ఆమె చేతిలోంచి కాగితాలు లాక్కుంది.

"కావాలనే?" అంది. "కట్టుకున్నదాన్ని నేను పరాయిదాన్నే అనుకో. తోడబుట్టినదానివి, నువ్వు..."

"పూర్తిగా విను వదినా. ఆ తర్వాత కొట్టు."

పక్కనే ఒక సిమెంటు బెంచీ ఉంది, తడిసి ఉంది. ఇద్దరిలో ఎవరూ కూర్చోలేదు. చిట్టి గాలిలో చేత్తో సరస్సు గీసి చూపిస్తూ చెప్పింది. గాలి తమ గేజి వైపు గట్టిగా వీస్తే నీళ్లను ఇటు నెట్టేస్తుంది. బకెట్టు ఒంపితే నీళ్లు ఒక పక్కకు చేరినట్టు. అప్పుడు కొలబద్ద మీద నాలుగంగుళాలు ఎక్కువ కనిపిస్తుంది. నిజంగా ఉన్న నీళ్లు అంత కాదు. అందుకని కొలిచేవాళ్లు కనిపించిందే చెప్పాలి, గాలికి నాలుగు తీసెయ్యడం గేట్లవాళ్ల పని. ఎన్నో ఏళ్లుగా అదే పద్ధతి. చెప్పేవాళ్లు చెప్పాలి, తీసేవాళ్లు తియ్యాలి.

"తెలుసు. ఆయన పెళ్లయిన కొత్తలోనే చెప్పారు," అంది వదిన. "అప్పట్లో మాట్లాడుకోడానికి ఆయన దగ్గర ఇంకేం కబుర్లుండేవి కనక."

"మరి చలికాలంలో ఏం జరిగిందో కూడా తెలుసా?"

వదిన గొడుగు ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది.

"మూడుసార్లు మర్చిపోయాడు వదినా. వరసగా మూడు గాలిరోజులు. నేను చెప్పింది చెప్పినట్టే రాసుకుని, గేట్లు ఎక్కువ ఎత్తేశాడు. రెండుసార్లు ఎవరూ పట్టించుకోలేదు. మూడోసారి కింద మొక్కల నర్సరీ మొత్తం కొట్టుకుపోయింది. ఆయనకు మెమో ఇచ్చారు. ఇంకోసారి జరిగితే ఇంటికే అన్నారు. మెమో సంగతి నాకు ఆఫీసులో తెలిసింది. ఆయన నాతో చెప్పలేదు. చెప్పనివాణ్ణి నేనెలా అడగను? నాకు కొలబద్ద చదవడం నేర్పినవాడికి, నువ్వు మర్చిపోతున్నావని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"అందుకని?"

"అందుకని ఆ నాలుగూ నేనే తీసేసి చెప్పడం మొదలుపెట్టాను. పుస్తకంలో ఉన్నదే రాస్తాను. ఫోన్లో మాత్రం నాలుగు తగ్గించి చెబుతాను. ఆయన ఎలాగూ మర్చిపోతాడు, లెక్క సరిపోతుంది, ఆయనకు తెలియను కూడా తెలియదు. ఆ మెమో తర్వాత మళ్లీ గాలి వీచింది మొదటి తుఫాను రోజే. ఆ రోజు నలభై రెండుంటే ముప్పై ఎనిమిదని చెప్పాను. ముప్పై ఎనిమిదికి మూడు గేట్లు ఎత్తాలి. ఆయన ఒక్కటే ఎత్తాడు. నాకు తెలిసిన లెక్కలో దానికి ఒక్కటే అర్థం. నిద్రపోయాడు, లేచాక కంగారులో ఒకటి ఎత్తాడు. ఈ ముక్క ఎంక్వైరీలో చెబితే చలికాలం మతిమరుపు కూడా బయటపడుతుంది. అందుకే నోరు మూసుకున్నాను. చాలా? ఇంకేమైనా దిద్దుకున్నానా?"

కోపంలో మొదలుపెట్టిన మనిషి చివరికొచ్చేసరికి ఏడుస్తోంది. ముక్కు తుడుచుకోడానికి ఏమీ దొరక్క గొడుగు కొస పట్టుకుంది, పట్టుకుని అది వదినదని గుర్తొచ్చి వదిలేసింది.

వదిన ఓదార్చలేదు. తిట్టలేదు. తడి బెంచీ మీద, చీర తడుస్తుందన్న ధ్యాస కూడా లేకుండా, కూలబడిపోయింది.

"చిట్టీ," అంది చాలా మెల్లిగా. "ఆ మెమో నాకూ దొరికింది."

"ఏమిటీ?"

"చొక్కా ఉతకబోతే జేబులో. ఆయన నాక్కూడా చెప్పలేదు. నేనూ అడగలేదు. నీకు నా సంగతి తెలుసుగా."

ఎవరికి తెలియదు! వదిన చీటీలు అంటించే మనిషి. ఆ ఇంట్లో గోడలు కనిపించవు, చీటీలు కనిపిస్తాయి. తలుపు మీద "తాళం", స్టవ్వు పైన "కట్టేశావా", అన్నయ్య టిఫిను డబ్బా మీద "మూత కూడా తెచ్చుకో". ఒకసారి అన్నయ్య వీపుకే "కూరగాయలు" అని ఒకటి అతుక్కుపోతే ఆయన దాంతోనే ఆఫీసుకెళ్లి, అందరూ నవ్వుతుంటే మధ్యాహ్నం దాకా ఎందుకో తెలియక తానూ నవ్వాడు.

"ఆ ఆదివారం భోజనం పట్టుకెళ్లే వంకతో గేట్ల గదికెళ్లాను," అంది వదిన. "ఆయన చేతులు కడుక్కోడానికి వెళ్లినప్పుడు ఫోను పొట్టమీద ఒక చీటీ అంటించాను. 'గాలి వీస్తుంటే నాలుగు తీసెయ్. మర్చిపోతే ఇంటికి రావద్దు.' ఆయన చూశారు. ఏమీ అనలేదు. సాయంత్రం ఇంటికొచ్చి, 'ఫోన్ కూడా నీదే అయిపోయిందా' అని నవ్వారంతే."

చిట్టికి అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. అంకెలమ్మకు లెక్క చెయ్యడానికి రెండు క్షణాలు పట్టడం ఆమె జీవితంలో అదే మొదటిసారి.

"అంటే... ఆ రోజు ఆయన మర్చిపోలేదు."

"మర్చిపోలేదు. నేను మర్చిపోనివ్వలేదు."

"నేను నాలుగు తీసేసి చెప్పాను. ఆయన చీటీ చూసి మళ్లీ నాలుగు తీసేశాడు."

"ముప్పై నాలుగు అనుకున్నారు."

"ముప్పై నాలుగుకి ఒక్క గేటే."

ఇద్దరు ఆడవాళ్లు, ఒకరికొకరు చెప్పకుండా, ఒకే మనిషిని కాపాడాలని, ఒకే వారంలో, ఒకే చిల్లుకు చెరో అతుకు వేశారు. ఆయన పద్ధతి ప్రకారం చెయ్యాల్సింది అణువంత తేడా లేకుండా చేశాడు. చేసినందుకు పడవల మేస్త్రి కాలు పోయింది. చిట్టికి ఈత నేర్పింది ఆ మేస్త్రే. నీళ్లలో కాళ్లెలా ఆడించాలో తన కాళ్లతో చూపించి నేర్పాడు.

పదిరోజులు అన్నయ్యను నిద్రపోతు అనుకుంది. కంచంలోకి చూసి తింది. ఆ అన్నం ఇప్పుడు గొంతులోకి తన్నుకొస్తోంది.

"రేపు చెప్పేస్తాను," అంది. "కొలిచినవాళ్లు కనిపించిందే చెప్పాలి. నేను చెప్పలేదు. రూలు ప్రకారం తప్పు నాది ఒక్కదానిదే. అన్నయ్యకు ఉద్యోగం తిరిగిచ్చేస్తారు."

వదిన ఇంతదూరం నడిపించుకొచ్చింది ఈ మాట కోసమే. పొద్దున్నుంచీ అద్దం ముందు నిలబడి ఎలా అడగాలో, ఎలా దులపాలో వల్లె వేసుకుంది. తీరా ఆ మాట చేతిలో పడ్డాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు ఆమెకు.

"చెబితే నిన్నేం చేస్తారు?"

"తీసేస్తారు. మేస్త్రి కాలు పోయింది కాబట్టి కేసు కూడా పెడతారేమో."

"మరి నీకెవరున్నారే?"

"మీరు లేరా?"

అంతే, వదినకు అప్పటిదాకా ఆగింది ఆగలేదు. కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. ఇరవై ఏళ్ల కిందట కాపురానికొచ్చినప్పుడు జడ వేసుకోవడం చేతకాని ఆడపడుచు ఒకతె తన గదిలోకి దువ్వెనతో వచ్చి నిలబడింది. వాళ్లమ్మ పోయి అప్పటికి ఏడాది. ఆ రోజునుంచి జడలు, చదువు, ఉద్యోగానికి మొదటిరోజు కట్టిన చీర, అన్నీ వదిన చేతులమీదుగానే జరిగాయి. ఇందాక ఆ చేత్తోనే ఆమెను దొంగలెక్కలదాన్ని చేసింది.

"వద్దు," అంది ముక్కు చీదుకుంటూ. "ఇంకేదైనా ఆలోచిద్దాం. నీ పుస్తకంలో నలభై రెండే ఉందిగా. నువ్వు ఫోన్లో ఏం చెప్పావో నీకూ ఆయనకూ తప్ప ఎవరికి తెలుసు? ఫోన్లో సరిగ్గా వినపడలేదంటే..."

"ఎవరికి వినపడలేదంటావు? అన్నయ్యకేగా? మళ్లీ ఆయన మీదికే వస్తుంది."

"ఏమో నాకు తెలీదు! నా బుర్ర పనిచెయ్యట్లేదు. ఆయన వచ్చాక ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందాం. ఆస్పత్రికెళ్లారు, మేస్త్రిని చూసొస్తానని."

మెడ వెనక చల్లగా ఏదో తగిలితే చిట్టి తలెత్తింది. గాలి. ఇంకా చిన్నదే, ఆకు కదిపేంత. కానీ పడమట మబ్బు అప్పుడే గోడ కట్టినట్టు లేచింది, ఎండ ఉన్నపాటున మాసిపోయింది. రేడియోవాళ్లు సాయంత్రమన్నారు. రేడియోవాళ్ల సాయంత్రం మూడింటికే వచ్చేసింది. దండేలమీది దుప్పట్ల కోసం జనం బయటికి పరిగెత్తుతున్నారు.

అలవాటు చొప్పున ఆమె అవతలి గట్టు వైపు చూసింది. నీళ్లకు అటు గేట్ల గది, దాని కింద మూడు గేట్లు. ఎత్తిన గేటు దగ్గర నీళ్లు తెల్లగా నురగ కక్కుతాయి, ఎంత దూరంనుంచైనా లెక్కపెట్టుకోవచ్చు.

"వదినా. ఎన్ని కనిపిస్తున్నాయి నీకు?"

వదిన కళ్లు తుడుచుకుని చూసింది. "ఒకటి."

"మధ్యాహ్నం నేను చెప్పింది ముప్పై ఏడు. మూడుండాలి."

ఆ మాట అంటుంటేనే ఆమెకు అర్థమైంది. పన్నెండింటికి కొలబద్ద మీద నలభై ఒకటుంది. గాలి వీస్తోంది. అన్నయ్య బదులు కూర్చున్న కొత్త ఆపరేటరు వచ్చి వారం కాలేదు, అతనికి ఈ గాలి లెక్కలు అసలే తెలియవని, ఎప్పటిలాగే నాలుగు తీసేసి చెప్పింది.

"నీ చీటీ," అంది. "ఎవరైనా తీసేశారా?"

"ఎవరు తీస్తారు? సస్పెండ్ చేశాక మీ అన్నయ్యను ఆ గదిలోకి అడుగుపెట్టనివ్వలేదుగా."

కొత్తవాడు ఏం చేస్తాడు? ఫోనుమీద రాసి ఉన్నది రాసి ఉన్నట్టు చేస్తాడు. అందులోనూ మర్చిపోతే ఇంటికి రావద్దని ఉంది.

ఇద్దరూ పరిగెత్తారు. అవతలి గట్టుకు చుట్టు తిరిగి వెళ్లాలంటే ముప్పావుగంట. సెల్‌ఫోన్లేమో రెండురోజులుగా కరెంటు లేక ఇంట్లో అలమరలో చచ్చి పడున్నాయి. గేజి గదిలో తీగల ఫోను ఒక్కటే బతికుంది. వచ్చేటప్పుడు ముందున్న వదిన ఇప్పుడు వెనకబడింది. ఒక చెప్పు బురదలో దిగబడితే దాన్ని అక్కడే వదిలేసి, కుచ్చిళ్లు ఎగదోసుకుని, ఒంటి చెప్పుతో వచ్చింది. బాతులు ఈసారి మాత్రం లేచి దారిచ్చాయి.

చిట్టి గదిలోకి వెళ్లలేదు, ముందు మెట్లు దిగింది. కొలబద్ద చూసింది. ఇంకా పెద్దగాలి ఎత్తుకోలేదు, నీళ్లు ఏ పక్కకూ ఒరగలేదు. ఉన్నది ఉన్నట్టే నలభై రెండున్నర. నలభై నాలుగు దాటితే పల్లపు గట్టు పొర్లుతుంది. పడవల షెడ్డు లేదు సరే, దాని వెనక వరసగా పన్నెండు ఇళ్లున్నాయి. మొదటి చినుకు ఆమె నుదుటిమీద పడింది.

తాళం తీసి ఫోను అందుకుంది. అవతల రెండుసార్లు మోగింది.

"హలో, గేట్ల గదా? గేజి నుంచి మాట్లాడుతున్నాను. మధ్యాహ్నం నేను చెప్పిన అంకెలో గాలికి ముందే నాలుగు తీసేశాను. మీరు మళ్లీ తీశారు. ఆ చీటీ చూడకండి. ఇప్పుడు కొలబద్ద మీద నలభై రెండున్నర, గాలి లేకుండానే. మూడు గేట్లూ ఎత్తండి. ఇప్పుడే, ఈ క్షణమే!"

అవతల గొంతు కొత్త ఆపరేటరుది కాదు. వయసైన గొంతు, నిదానమైన గొంతు. "మూడూ ఎత్తించు బాబూ," అని పక్కన ఎవరితోనో అంది. జనరేటరు మీద నడిచే మోటారు మూలుగు చిట్టికి ఫోన్లో వినిపించింది. ఒకటి. కాసేపటికి ఇంకొకటి. అప్పుడు గాని ఆమె ఊపిరి వదల్లేదు.

"అమ్మా," అంది ఆ గొంతు. "నేను ఎంక్వైరీ ఆఫీసర్ని. రేపు దారులుంటాయో ఉండవోనని తెరిపి చూసుకుని ఇవాళే వచ్చాను. గాలికి ముందే తీసేశానన్నారు. ఇవాళ ఒక్కరోజేనా? లేక ఆ రోజు కూడానా?"

చిట్టి వదిన వైపు చూసింది. వదిన గుమ్మం పట్టుకుని రొప్పుతోంది, ఒక కాలు నిండా బురద. ఆఫీసరు మాటలు ఆ చిన్న గదిలో ఆమెకూ వినిపిస్తూనే ఉన్నాయి. వద్దని తల ఊపలేదు. అవునని కూడా ఊపలేదు.

"ఆ రోజు కూడా సార్," అంది చిట్టి. "నలభై రెండు చూసి ముప్పై ఎనిమిదని చెప్పాను. మా అన్నయ్య చేసినదాంట్లో తప్పేమీ లేదు. చెయ్యకూడనిది చేసింది నేను."

అవతల కాగితం కదిలిన చప్పుడు.

"చిక్కొచ్చిపడిందే," అన్నాడు ఆఫీసరు. "గంట కిందట మీ అన్నయ్య నా దగ్గరికొచ్చాడు. ఇప్పుడు కూడా నా ఎదురుగానే కూర్చున్నాడు. మా చెల్లెలు నలభై రెండే చెప్పింది, ఒకసారి నాలుగు తీసేసి డైరీలో రాసుకుంది నేనే, కంగారులో మళ్లీ తీసేసింది కూడా నేనే, అని రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. నిన్న ఆ నకళ్లు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే తన తప్పు తనకే తెలిసిందట."

అన్నయ్యకు తెలిసిపోయింది. నిన్ననే. రాత్రి భోజనాల దగ్గర ఆమె కంచంలోకి చూసి తింటుంటే, ఆయన ఎదురుగా కూర్చుని, అంతా తెలిసి, "చిట్టికి ఇంకాస్త పెరుగు వెయ్యి" అన్నాడు.

దూరంనుంచి అన్నయ్య గొంతు వినిపించింది, ఎప్పుడూ అరవని మనిషి అరుస్తున్నాడు. "సార్, అది చిన్నపిల్ల, నామీద జాలితో అలా అంటోంది. చిట్టీ! ఫోన్ పెట్టెయ్! నేను చెబుతున్నాను, పెట్టెయ్!"

"వింటున్నారుగా," అన్నాడు ఆఫీసరు. "ఇద్దరి మాటలూ ఒకేసారి నిజం కాలేవు. మీరిప్పుడు చెప్పింది నేను రాసుకోవాలంటే ఆయనిచ్చిన కాగితం చింపాలి. ఆయన కాగితం ఉంచాలంటే మీ మాట నేను విననట్టే. దేన్ని చింపమంటారు?"

కిటికీ అద్దాలు ఒక్కసారిగా దడదడలాడాయి. గాలి వచ్చేసింది. చిట్టి ఏదో చెప్పబోయింది. మాట ఇంకా పెదవి దాటలేదు, బురదకాలితో నాలుగంగల్లో వచ్చిన వదిన ఆమె చేతిలోంచి ఫోను లాక్కుంది.

"సార్, నేను గేట్లాయన భార్యను. ఈ పిల్లను పెంచిందాన్ని," అంది. "దేన్ని చింపాలో నేను చెబుతాను, రాసుకోండి."